కుంచెతో తెలుగు అక్షరం నేర్చుకోవడం: నెమ్మదిగా సాధన చేసేవారికి సమగ్ర మార్గదర్శి

ఫ్లెక్సీ బ్యానర్లు రాకముందు నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా దుకాణం బోర్డు, బడి గోడ మీది సూక్తి, ట్రాక్టర్ ట్రాలీ వెనక పేరు, ఎన్నికల నినాదం, ఎరువుల కంపెనీ ప్రకటన అన్నీ కుంచె పట్టిన చేతి నుంచే వచ్చేవి. ఆ పని ఇప్పుడు చాలావరకు తగ్గిపోయింది గానీ, తెలుగు అక్షరాన్ని చేత్తో అందంగా రాయాలన్న కోరిక తగ్గలేదు. బడి చార్టులు రాసే ఉపాధ్యాయులు, ఇంటి గోడ మీద పేరు రాసుకోవాలనుకునేవారు, బొమ్మలు వేస్తూ అక్షరం దగ్గర తడబడే యువకులు ఎక్కడ మొదలుపెట్టాలని తరచుగా అడుగుతుంటారు. ఈ వ్యాసం వారి కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. అక్షరం చేతికి రావడానికి ముందు కంటికి రావాలి. రాసిన ప్రతి గీతనూ నమూనాతో పోల్చి చూసుకోవడానికి వీలైనంత నెమ్మదిగా రాసినప్పుడే పునరావృతి మనకు ఏదైనా నేర్పుతుంది. పోల్చకుండా వేగంగా నూరుసార్లు రాస్తే ఆ నూరుసార్లూ పాత తప్పునే గట్టిపరుచుకున్నట్టు అవుతుంది. కింద చెప్పిన దశలన్నీ ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి, దశలను మీ వీలును బట్టి మార్చుకున్నా దీనిని మాత్రం వదలకండి.

ఒకటో దశ: ఒక నమూనా, ఒక కుంచె, ఒక కొలత

నేర్చుకునేవారు మొదటి వారంలోనే పది రకాల అక్షర శైలులను సేకరించుకుంటారు. బాపు అక్షరాల ఒంపు ఒకరోజు, సినిమా పోస్టరు అక్షరాల బరువు మరుసటిరోజు ప్రయత్నిస్తారు. అలా చేస్తే చేతికి ఏ రూపమూ నిలవదు. మూడు నెలల పాటు ఒకే నమూనాను పట్టుకోవాలి. అది పాత పెద్దబాలశిక్షలోని అచ్చు అక్షరమైనా కావచ్చు, ఉచితంగా దొరికే మండలి ఫాంటులో పెద్దగా ప్రింటు తీసుకున్న వర్ణమాల అయినా కావచ్చు. రామభద్ర వంటి బాగా లావైన ఫాంటులను మొదట్లో తీసుకోవద్దని నా సలహా. వాటిలో గీత మందం వల్ల అక్షరం లోపలి ఖాళీ చిన్నదైపోయి, అక్షరం అసలు ఎముక ఎలా ఉందో కంటికి అందదు.

కుంచె విషయంలో కూడా ఇదే పద్ధతి. అర అంగుళం వెడల్పున్న ఫ్లాట్ కుంచె ఒకటి చాలు. వెంట్రుకలు మెత్తగా ఉండి, తడిపినప్పుడు అంచు ఒకే సరళరేఖలా కలిసిపోవాలి. అంచు చీలిపోయే కుంచె ఎంత చవకగా దొరికినా తీసుకోకండి, ఎందుకంటే దానితో రాసినప్పుడు తప్పు చేతిదో కుంచెదో తెలియదు. అక్షరం దేహం ఎత్తును కుంచె వెడల్పుకు అయిదారు రెట్లు ఉంచుకోండి. అంతకంటే చిన్నగా రాస్తే లోపలి ఖాళీలు మూసుకుపోతాయి, మరీ పెద్దగా రాస్తే గీత బక్కచిక్కి కనిపిస్తుంది.

కాగితానికీ రంగుకూ డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు. బోర్డులు రాసే కళాకారులు ఎంతోకాలంగా పాత దినపత్రికల మీదే సాధన చేశారు, దానికి మంచి కారణమే ఉంది. పత్రికను అడ్డంగా తిప్పి పరిస్తే కాలమ్‌ల మధ్య గీతలు అక్షరం పైన, కింద హద్దులుగా పనికివస్తాయి. రంగుకు పోస్టర్ కలర్ కొనవచ్చు. లేదంటే గోడల అంచులకు పూసే జాజును మెత్తగా నూరి, గుడ్డలో వడగట్టి, అందులో నీళ్లలో నానబెట్టిన తుమ్మబంకను కొద్దిగా కలుపుకోవచ్చు. బంక తక్కువైతే ఆరిన తరువాత రంగు చేతికి అంటుతుంది, ఎక్కువైతే కుంచె జిగురుగా లాగుతుంది. ఒకటి రెండు సార్లు కలిపి చూస్తే సరైన పాళ్లు తెలుస్తాయి. ఇంకా చవకైన పద్ధతి ఒకటి ఉంది, దానిని మూడో దశలో వివరంగా చెబుతాను.

రెండో దశ: రాయకముందు చూడటం

మొదటి వారం కుంచెను తడపకండి. నమూనా వర్ణమాలను ఎదురుగా పెట్టుకుని, రోజుకు మూడు నాలుగు అక్షరాల చొప్పున సన్నని పెన్సిలుతో అంచుల వెంట గీయండి. అంటే గీతను గీయడం కాకుండా, గీత చుట్టూ ఉన్న అంచునూ, అక్షరం లోపల మిగిలిన ఖాళీనీ గీయాలి. ర లోపల ఉన్న ఖాళీ పూర్తి వృత్తమా, కొంచెం వెడల్పా? గ కింద తెరుచుకున్న చోటు, పైన ఒంపు వెడల్పుతో పోలిస్తే ఎంత ఉంది? ప ఎడమ భాగం, కుడి భాగం సమానంగా ఉన్నాయా? ఈ ప్రశ్నలకు సమాధానం నోటితో చెప్పగలిగే దాకా అక్షరాన్ని వదలవద్దు.

మన చుట్టూ ఉన్న అక్షరాలను చూడటం కూడా ఈ దశలో భాగమే. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం, పురావస్తు మ్యూజియం ఉన్నాయి. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్ల వారి కాలపు ఆలయాలూ, శక సంవత్సరం 1130, అంటే క్రీస్తుశకం 1208 నాటి శాసనమూ ఉన్నాయి. ఆ రోజుల్లో తెలుగు, కన్నడ లిపులు ఇంకా పూర్తిగా విడిపోలేదు కాబట్టి నేటి పాఠకుడికి అందులో కొన్ని అక్షరాలే గుర్తుపట్టేలా ఉంటాయి. అయినా రాతి మీద ఉలితో చెక్కిన శిల్పి వరుసలను ఎంత సమంగా నడిపాడో, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత చోటు విడిచాడో గమనించడానికి చదవడం రానక్కరలేదు. ఉదయంపూట, లేదా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే సమయంలో వెళ్తే చెక్కుడు లోతు నీడతో స్పష్టమవుతుంది. అప్పుడు ఫొటో తీసుకుని ఇంటి దగ్గర పెన్సిలుతో గీసుకోండి. శాసనం కనిపించడానికని దాని మీద సుద్ద, పసుపు, బొగ్గు రాయడం మాత్రం ఎట్టిపరిస్థితుల్లోనూ చేయకూడదు. రాయి పాడవుతుంది, చట్టం కూడా ఒప్పుకోదు.

పాత ఊళ్లలో ఇంకా మిగిలిన గోడరాతలను కూడా చూడండి. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు వెళ్లే రోడ్ల పక్కన వెలిసిపోయిన ప్రకటనలు అక్కడక్కడా కనిపిస్తాయి. వెలిసిన రంగులో ఒక ప్రయోజనం ఉంది. కుంచె ఎక్కడ ఆగిందో, గీత మీద గీత ఎక్కడ పడిందో అక్కడ రంగు ముదురుగా మిగిలి, ఆ అక్షరాన్ని ఎన్ని గీతలుగా విడదీసి రాశారో బయటపెడుతుంది. అలాంటి గోడ ఎదుట అరగంట నిలబడటం ఒక పాఠానికి సమానమని నేను గట్టిగా నమ్ముతాను.

మూడో దశ: నీళ్లతో బండ మీద

పాలమూరు, నల్లగొండ ప్రాంతపు ఇళ్లలో చాలాచోట్ల షాబాదు బండల పరుపు ఉంటుంది. బూడిదరంగు బండ తడిస్తే నల్లబడుతుంది, ఆరితే మళ్లీ తన రంగుకు వస్తుంది. ఒక గిన్నెలో నీళ్లు, కుంచె, నీడలో ఉన్న ఒక బండ ఉంటే కాగితం, రంగు లేకుండానే వందల గీతలు సాధన చేయవచ్చు. ఎండాకాలంలో నడిమధ్యాహ్నం బండ వేడికి గీత చూస్తుండగానే మాయమవుతుంది కాబట్టి తెల్లవారుజామున గానీ పొద్దుగూకాక గానీ కూర్చోవాలి. మెరుగు పట్టిన టైల్స్ మీద నీళ్లు ముత్యాల్లా విడిపోతాయి, అవి పనికిరావు. ఒక మూలన ఎవరూ నడవని చోటు చూసుకోండి, తడి బండ మీద కాలు జారే ప్రమాదం ఉంది.

ఈ పద్ధతిలో డబ్బు ఆదా కావడం కంటే పెద్ద లాభం మరొకటి ఉంది. రాసినది ఉండదని తెలిసినప్పుడు మనసు ఫలితాన్ని వదిలి గీత మీద నిలుస్తుంది. మొదటిసారి కుంచె పట్టిన పిల్లలకు కాగితం పాడైపోతుందన్న భయమే చేతిని బిగదీస్తుంది. ఆ భయం పోగానే భుజం వదులవుతుంది.

కూర్చునే తీరు గురించి కొన్ని మాటలు. మణికట్టుతో రాసే అలవాటు మనకు పెన్నుతో వచ్చింది. కుంచెతో పెద్ద అక్షరం రాసేటప్పుడు కదలిక మోచేతి నుంచీ భుజం నుంచీ రావాలి. చిటికెన వేలిని బండకు తేలికగా ఆనించి, మిగిలిన చేతిని జరపండి. కుంచెను ఇనుపపట్టీకి కొంచెం పైన, బొటనవేలికీ మొదటి రెండు వేళ్లకూ మధ్య, ఎప్పుడైనా జారిపోవచ్చన్నంత వదులుగా పట్టుకోవాలి. గీత మొదలయ్యేటప్పుడు ఊపిరి తీసుకుని, గీత సాగుతున్నంతసేపూ నెమ్మదిగా వదులుతూ రాస్తే వణుకు తగ్గుతుంది.

బండ మీద మొదటి పది రోజులూ నాలుగు గీతలే గీయండి: పైనుంచి కిందికి నిలువు గీత, ఎడమ నుంచి కుడికి అడ్డగీత, ఎడమ అర్ధవృత్తం, కుడి అర్ధవృత్తం. తెలుగు అక్షరాల్లో నిలువు, అడ్డగీతలు చాలా తక్కువ కదా అని మీరు అడగవచ్చు. చేతి స్థిరత్వాన్ని పరీక్షించడానికి అంతకంటే నిక్కచ్చి అయిన గీత లేదు కాబట్టే వాటిని ఉంచాను. కుంచె అంచును ప్రతి గీతలోనూ ఒకే కోణంలో, సుమారు 30 డిగ్రీల వాలులో నిలపాలి. కోణం నిలిస్తే అర్ధవృత్తంలో సన్నం నుంచి లావుకు, లావు నుంచి సన్నానికి మార్పు దానంతట అదే వస్తుంది. వేళ్లతో కుంచెను తిప్పుతూ ఆ మార్పును తెచ్చిపెట్టాలని చూస్తే అక్షరం అక్షరానికీ పోలిక ఉండదు.

నాలుగో దశ: సున్న

తెలుగు లిపిలో వృత్తం రానివారికి ఏ అక్షరమూ రాదు. తాటాకు మీద గంటంతో నిట్టనిలువుగా, అడ్డంగా గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి మన అక్షరాలు గుండ్రనయ్యాయని లిపి గురించి రాసినవారు చెబుతారు. కారణమేదైనా, ర, ఠ, ద, డ, ధ, థ, త, బ, అ, ఇ, ఒ మొదలైన వాటన్నింటిలోనూ వృత్తమో దాని ముక్కో ఉంది. అందుకే ఈ దశకు ఎక్కువ రోజులు కేటాయించాలి. నా దగ్గరికి వచ్చినవారిలో తొందరపడి దీన్ని దాటేసినవారు తరువాత తప్పకుండా ఇక్కడికే తిరిగివచ్చారు.

పెన్నుతో సున్నను ఒక్క చుట్టుతో రాస్తాము. ఫ్లాట్ కుంచెతో అలా రాయకూడదు. కుంచెను లాగితే వెంట్రుకలు కలిసి నడుస్తాయి, నెట్టితే విచ్చుకుంటాయి. కాబట్టి సున్నను రెండు లాగుడు గీతలుగా విడదీయాలి. మొదటిది పైన మధ్యలో మొదలై ఎడమవైపుగా వంగుతూ కిందికి దిగుతుంది. రెండోది మళ్లీ అదే చోట మొదలై కుడివైపుగా వంగి మొదటి గీత చివరను కలుస్తుంది. కలిసే రెండు చోట్లా కుంచె సన్నని అంచు మీద ఉండాలి, లేకపోతే అక్కడ ముడి పడినట్టు లావుగా కనిపిస్తుంది.

సాధన ఇలా చేయండి. అయిదు సున్నలు రాయండి. ఆగండి. కుంచెను పక్కన పెట్టి, వాటిలో అన్నిటికంటే మంచి సున్న ఏదో, అన్నిటికంటే చెడ్డది ఏదో వేలితో చూపండి. చెడ్డదానిలో తప్పు ఎక్కడుందో ఒక్క వాక్యంలో పైకి చెప్పండి: ఎడమ పొట్ట చదునుగా ఉంది, కుడిగీత ఆలస్యంగా వంగింది, కింద అతుకు తప్పింది. తరువాతి అయిదింటిలో ఆ ఒక్క తప్పునే చూసుకోండి, మిగిలినవి ఎలా ఉన్నా పట్టించుకోవద్దు. రెండు మూడు తప్పులను ఒకేసారి సరిదిద్దాలని చూస్తే మనసు ఏ ఒక్కదాని మీదా నిలవదు. రాసినంతసేపు చూడటానికీ, చూసి చెప్పడానికీ సమయం పట్టాలి. అరగంటలో ముప్పయి నలభై సున్నల కంటే ఎక్కువ రాశారంటే మీరు తొందరపడుతున్నారని అర్థం.

రోజూ చివరి వరుసను నీళ్లతో కాకుండా జాజుతో పత్రిక కాగితం మీద రాసి, మూలన తేదీ వేసి దాచండి. వారానికొకసారి ఆ కాగితాలను గోడకు వరుసగా అంటించి, గదికి అవతలి చివర నిలబడి చూడండి. దగ్గరి నుంచి కనిపించని వంకర దూరం నుంచి కనిపిస్తుంది. కాగితాన్ని తలకిందులు చేసి చూడటం కూడా మంచి పద్ధతి. అక్షరంగా చదవడం ఆగిపోయి, ఆకారంగా చూడటం మొదలవుతుంది.

ఐదో దశ: అక్షర కుటుంబాలు, తలకట్టు

వర్ణమాల వరుసలో సాధన చేయడం చదువుకు సరిపోతుంది గానీ కుంచెకు సరిపోదు. ఆకారాలను బట్టి గుంపులు చేసుకోవాలి. ర, ఠ, ద, డ, ధ, థ ఒక గుంపు. ప, ఫ, ష, స, హ, ఘ మరొకటి. వ, మ, య ఇంకొకటి. గ, శ ఒకటి. ఖ, జ, ట, ణ, బ, ల తలకట్టు లేని అక్షరాలు కాబట్టి వాటిని వేరుగా పెట్టుకోవచ్చు. ఒక గుంపులో మొదటి అక్షరం కుదిరితే మిగిలినవాటికి కావలసిన చిన్న మార్పు ఏదో తెలుస్తుంది. చ కింద పొట్టి నిలువు గీత చేరితే ఛ అవుతుంది, డ కింద చేరితే ఢ, ప కింద చేరితే ఫ. ఆ గీత పొడవు అన్నిటిలోనూ ఒకటే ఉండాలి.

తలకట్టు చాలామంది అశ్రద్ధ చేసే గీత. చూడటానికి చిన్నదే అయినా ఒక వరుసలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే గీత అదే కాబట్టి, దాని వాలు తేడా వస్తే వరుస మొత్తం గాలికి కదిలిన పంటలా కనిపిస్తుంది. పొట్టిగా కిందికి దిగే భాగం, దానికి రెట్టింపు పొడవుతో పైకి లేచే భాగం: ఈ రెండింటినీ విడిగా గీయాలి. ప, ఫ, ష, స, హ, ఘ లలో తలకట్టు అక్షర దేహానికి తగలదు, క, గ, చ, ర వంటివాటిలో తగులుతుంది. తగలని చోట ఎంత ఖాళీ విడవాలో నమూనాలో కొలిచి, ఆ గుంపు అంతటికీ అదే ఖాళీ ఉంచండి. ఒక వారం పాటు తలకట్లను మాత్రమే వరుసలుగా రాయడం విసుగు పుట్టించే పని, కానీ ఆ వారం తరువాత మీ రాత మారినట్టు ఇంట్లోవాళ్లే చెబుతారు.

ఈ దశ సగానికి వచ్చాక సాధన పద్ధతిని కొంచెం మార్చాలి. అప్పటిదాకా ఒక అక్షరాన్ని వరుసగా అనేకసార్లు రాశారు. ఇక నుంచి ర, ప, గ, బ, మళ్లీ ప, మళ్లీ ర అన్నట్టు కలిపి రాయండి. 1979లో షియా, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో, ఒకే కదలికను వరుసగా సాధన చేసినవారు సాధన సమయంలో మెరుగ్గా కనిపించినా, కదలికలను కలగాపులగంగా సాధన చేసినవారికే నేర్చుకున్నది ఎక్కువకాలం నిలిచింది. కలిపి రాసినప్పుడు ఆ రోజు రాత నిన్నటికంటే చెడిపోయినట్టు అనిపిస్తుంది. అది సహజమే, దానికి భయపడి పాత పద్ధతికి తిరిగిపోవద్దు. ఆకారం బొత్తిగా తెలియని కొత్త అక్షరాన్ని మాత్రం ముందు విడిగా, వరుసగానే రాయండి.

రోజుకు ఎంతసేపు

1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లోని సంగీత విద్యార్థుల మీద ప్రచురించిన అధ్యయనంలో, అందరికంటే మెరుగైన వయొలిన్ విద్యార్థులు ఒంటరిగా చేసే సాధనకు వారానికి సుమారు 24 గంటలు కేటాయించినట్టూ, ఆ సమయాన్ని చిన్న చిన్న విడతలుగా పంచుకుని మధ్యలో విశ్రాంతి తీసుకున్నట్టూ తేలింది. వృత్తిగా సంగీతాన్ని ఎంచుకున్నవారి లెక్క అది, మనకు అంత అక్కరలేదు. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ నేర్చుకునేవారికి రోజుకు 40 నిమిషాలు చాలు, దాన్ని ఉదయం 20, సాయంత్రం 20గా విడదీస్తే ఇంకా మంచిది. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చోవడం కంటే వారంలో ఆరు రోజులు అరగంట కూర్చోవడం మేలు. చూపు నిలవడం లేదని, రాసినదాన్ని పోల్చకుండానే తరువాతి గీతకు వెళ్తున్నామని గమనించిన క్షణంలో సాధన ఆపేయండి, గడియారంలో ఇంకా సమయం మిగిలి ఉన్నా సరే. నాట్లప్పుడో పరీక్షలప్పుడో పది రోజులు విరామం వస్తే, తిరిగి వచ్చిన రోజు నేరుగా ఆపిన చోటికి వెళ్లకుండా ముందు సున్నలతో మొదలుపెట్టండి.

ఆరో దశ: గుణింతం, ఒత్తు, పదం

ఇక్కడ మూడు అంతస్తుల కొలత కావాలి. తలకట్టు, గుడి, ఏత్వం ఉండే పై అంతస్తు, అక్షర దేహం ఉండే మధ్య అంతస్తు, ఒత్తులు ఉండే కింది అంతస్తు. మధ్యది నాలుగు పాళ్లు అనుకుంటే, పైన రెండు, కింద మూడు పాళ్లు విడవండి. రెండు వరుసలు రాయవలసి వచ్చినప్పుడు పై వరుస ఒత్తు, కింది వరుస గుడి ఒకదానికొకటి తగిలే చోటు ఎక్కడుందో రాయకముందే వెతుక్కోవాలి. బోర్డు రాసేవారికి తలనొప్పి తెచ్చేది ఎక్కువగా ఇదే.

గుణింతంలో కొమ్ము దగ్గర జాగ్రత్త అవసరం. వ పక్కన కొమ్మును మామూలుగా తగిలిస్తే అది మ లా కనిపిస్తుంది కాబట్టి వు లో కొమ్మును కింది నుంచి తగిలిస్తాము. పు కూడా అలాగే. నమూనాలో కు, పు, వు, ము నాలుగింటినీ పక్కపక్కన గీసి, కొమ్ము ఎక్కడ పుడుతుందో గుర్తు పెట్టుకోండి. ఒత్తుల్లో ర్యా వంటి యవత్తు కింద పుట్టి కుడివైపుకు లేస్తుంది, దానివల్ల తరువాతి అక్షరానికి చోటు తగ్గుతుంది. లావత్తు, చావత్తు అక్షరం కిందనే కూర్చుంటాయి.

పదాల సాధనకు మన ఊళ్ల పేర్లను మించినవి లేవు. వనపర్తితో మొదలుపెట్టండి, అందులో తేలికైన రెండు అక్షరాల తరువాత ప, ర్తి వస్తాయి. నల్లగొండలో లావత్తు, ఒత్వం, సున్న మూడూ ఉన్నాయి. గద్వాలలో తలకట్టు ఉన్న గ, దీర్ఘంతో సాగే ద్వా, తలకట్టు లేని ల వరుసగా వచ్చి పై అంచును సమంగా నిలపడం నేర్పుతాయి. మిర్యాలగూడ, సూర్యాపేట యవత్తుకు. జడ్చర్లలో రెండు ఒత్తులు పక్కపక్కనే పడతాయి కాబట్టి కింది అంతస్తులో అవి ఒరుసుకోకుండా చూడటం కష్టం, దాన్ని చివరికి ఉంచుకోండి.

అక్షరాల మధ్య దూరాన్ని స్కేలుతో సమానంగా కొలిస్తే పదం సమంగా కనిపించదు. ర, ద వంటి గుండ్రని అక్షరాలు పక్కపక్కన వస్తే వాటి పైన, కింద ఖాళీ ఎక్కువ మిగులుతుంది కాబట్టి దగ్గరగా జరపాలి. ల, జ వంటి వెడల్పు అక్షరాల పక్కన కొంచెం ఎడం ఇవ్వాలి. రెండు అక్షరాల మధ్య నీళ్లు పోస్తే ఎంత పడుతుందో ఊహించి, ఆ పరిమాణం అన్నిచోట్లా సమానంగా ఉండేలా సర్దుకోండి. ఒక పదాన్ని ముందు పెన్సిలుతో తేలికగా గీసి, ఖాళీలు సరిచూసుకుని, ఆ తరువాతే కుంచె ఎత్తండి. పెన్సిలు దశను దాటేయగలిగే నేర్పు వచ్చినవారు కూడా పెద్ద బోర్డు ముందు దాన్ని వదలరు.

మధ్యలో ఆగిపోయినట్టు అనిపించే వారాలు

రెండో నెల నడుమ చాలామందికి చేయి ఎదగడం ఆగిపోయినట్టు తోస్తుంది. వాస్తవంగా ఆ సమయంలో కన్ను చేతికంటే ముందుకు వెళ్లి ఉంటుంది. మొదటి నెలలో కనిపించని తప్పులు ఇప్పుడు కనిపిస్తున్నాయి కాబట్టి రాత దిగజారినట్టు అనిపిస్తుంది. తేదీ వేసి దాచిన కాగితాలు అప్పుడు పనికివస్తాయి. వాటిని చూశాక కూడా నిజంగానే ఒక తప్పు వారాల తరబడి కదలకపోతే, ఆ గీతను సగం వేగానికి తగ్గించి, పరిమాణాన్ని రెట్టింపు చేసి, బండ మీద నీళ్లతో రాయండి. పెద్దగా రాసినప్పుడు తప్పు పుట్టే చోటు దొరుకుతుంది. ఎవరైనా అనుభవమున్న బోర్డు కళాకారుడు మీ పట్టణంలో ఉంటే, ఆయన పనిచేస్తుండగా పక్కన కూర్చునేందుకు అనుమతి అడగండి, మీ కాగితాలను చూపి ఒక్క తప్పు చెప్పమనండి. పదేళ్లూ ఇరవయ్యేళ్లూ అక్షరం మీద బతికిన కన్ను క్షణంలో పట్టే దోషాన్ని మనం నెలలు వెతుకుతాము. ఆ సహాయానికి తగిన గౌరవం ఇవ్వండి, వీలైతే ఒక చిన్న బోర్డు పని ఆయనకే అప్పగించండి.

ఏడో దశ: గోడ

మూడు నెలల సాధన తరువాత ఇంటి ప్రహరీ గోడ లోపలి వైపు, అందరికీ కనిపించని చోట, మొదటి గోడరాత చేయండి. సున్నం వేసిన గోడ అయితే అరచేతితో తుడిచి చూడండి. పొడి రాలుతుంటే ముందు ఒక పూత వేసుకోవాలి. లేకపోతే రంగు పొరతో సహా ఊడిపోతుంది. సుద్దపొడి పట్టించిన నూలు దారాన్ని ఇద్దరు రెండు కొసలా బిగించి పట్టుకోగా, మధ్యలో లాగి వదిలితే సన్నని తెల్లగీత పడుతుంది. తెల్లగోడకు నీలి పొడి వాడండి. మూడు అంతస్తుల గీతలూ ఇలాగే కొట్టుకోవాలి. పదం మొత్తం వెడల్పును మధ్య నుంచి రెండు వైపులకూ కొలిచి పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటే చివరి అక్షరం గోడ అంచున ఇరుక్కోదు.

నిలబడి రాసేటప్పుడు చేయి అలసిపోతుంది. ఒక చివర గుడ్డ చుట్టిన పొడవాటి కర్రను ఎడమచేత్తో గోడకు ఆనించి, దాని మీద కుడి మణికట్టును పెట్టుకుని రాస్తే వణుకు ఉండదు, తడి రంగు చేతికి అంటదు. ఎనామెల్ రంగు వాడితే టర్పెంటైన్ కొద్దికొద్దిగా కలుపుతూ, గీత చివరిదాకా తెగకుండా సాగేంత పలుచన చేయండి. ఎక్కువైతే కిందికి కారుతుంది. మధ్యాహ్నపు ఎండ తగిలే గోడను ఉదయమే పూర్తి చేయాలి.

రాసిన తరువాత వెంటనే దిద్దకండి. మరుసటిరోజు రంగు ఆరాక వీధి అవతల నుంచి చూసి, సరిగా రాని గీతలను పుస్తకంలో రాసుకోండి. చిన్న అంచు తప్పులను గోడరంగుతో సన్నని కుంచె పట్టి కోయవచ్చు. అక్షరం ఆకారమే తప్పితే ఆ ఒక్క అక్షరాన్ని కప్పి, బండ మీద మళ్లీ సాధన చేసి, అప్పుడు గోడ దగ్గరకు రండి. కుంచెను కిరోసిన్‌తో గానీ టర్పెంటైన్‌తో గానీ కడిగి, తరువాత సబ్బు నీళ్లతో మరోసారి కడిగి, అంచును వేళ్లతో సరళరేఖగా నొక్కి, వెంట్రుకలు దేనికీ తగలకుండా పడుకోబెట్టి ఆరబెట్టండి. ఎనామెల్‌కు వాడిన కుంచెను మళ్లీ నీటి సాధనకు తీయకండి. వెంట్రుకల్లో మిగిలిన నూనె జిడ్డు నీటిని పట్టనివ్వదు, కాబట్టి సాధన కోసం మరొక కుంచెను వేరుగా ఉంచుకోండి.